క్రిస్మస్ వారంలో వండర్‌లా: రైడ్లు ఎక్కని పెద్దవాళ్ళనీ తీసుకెళ్ళండి

డిసెంబర్ చివరి వారంలో బెంగళూరు వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం అంటే చాలు, ఎవరైనా చెప్పే మాట ఒకటే. "అప్పుడొద్దండీ, విపరీతమైన జనం." జనం ఉండే మాట నిజమే. కానీ ఇంట్లో డెబ్భై దాటిన పెద్దావిడో పెద్దాయనో ఉండి, వాళ్ళని ఒక్కళ్ళనే వదిలిపెట్టలేక, తీసుకెళ్తే అక్కడ ఏం చేస్తారో తెలియక ఈ పార్కుని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటివాళ్ళు వెళ్ళాల్సింది సరిగ్గా ఆ వారంలోనే అంటాను నేను. మామూలు రోజుల్లో అది రైడ్లు ఎక్కేవాళ్ళ పార్కు. క్రిస్మస్‌కి మాత్రం కూర్చుని చూసేవాళ్ళకి కూడా రోజంతా సరిపడా ఉంటుంది.

మాది బెంగళూరులోనే కుందలహళ్ళి. మావారు, నేను, పన్నెండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, మా అత్తయ్య. అత్తయ్యది గుంటూరు. తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన ఊరు మాది అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. ఆవిడకి క్రిస్మస్ అంటే డిసెంబర్ మొదటి వారంలోనే గుమ్మానికి స్టార్ కట్టాలి, అరిసెలకి బియ్యం నానబెట్టాలి, అర్ధరాత్రి దాటాక గుడి పిల్లలు క్యారల్స్ పాడుకుంటూ వస్తే లేచి తలుపు తీసి టీ ఇవ్వాలి. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో స్టార్ అయితే కట్టాం గానీ, కింద గేటు దగ్గర సెక్యూరిటీ దాటి క్యారల్స్ పాడేవాళ్ళు ఎవరొస్తారు? ఇరవై నాలుగు రాత్రి ఆరాధన, ఇరవై అయిదు పొద్దున ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ, అంతటితో పండగ అయిపోయినట్టే. అందుకే ఇరవై ఆరున వండర్‌లా పెట్టుకున్నాం. అసలు పిల్లల కోసమనే బయల్దేరాం. ఆ రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడింది అత్తయ్య.

ముందు దారి సంగతి. పార్కు మైసూరు రోడ్డులో, బిడది దగ్గర, సిటీ నుంచి 28 కిలోమీటర్లు. మాలాగా వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్ళు మొత్తం కారులో వెళ్తే సగం ఓపిక సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లోనే అయిపోతుంది. 2023 అక్టోబర్‌లో మెట్రో పర్పుల్ లైన్ మొత్తం తెరిచాక వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఒకటే రైలు, మారే పని లేదు. కుందలహళ్ళిలో ఎక్కి కూర్చుంటే గంటంపావు పైనే పడుతుంది గానీ అత్తయ్యకి హాయిగా ఉంది. పొద్దున్నే కాబట్టి సీటు దొరికింది, కిటికీలోంచి ఊరంతా చూసింది. కెంగేరిలో గానీ చల్లఘట్టలో గానీ దిగి అక్కడ క్యాబ్ మాట్లాడుకోవచ్చు. ఆటో ఎక్కితే ఒకటి గుర్తుంచుకోండి. మైసూరు ఎక్స్‌ప్రెస్ వే మీదికి 2023 ఆగస్టు నుంచి ఆటోల్నీ బైకుల్నీ రానివ్వరు. పక్కనున్న సర్వీసు రోడ్డులోనే వెళ్ళాలి, కాస్త ఎక్కువ టైం పడుతుంది.

కారులో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. ఎక్స్‌ప్రెస్ వే ఎక్కితే బిడది ఊరు పక్కకి తప్పిపోతుంది, తట్టె ఇడ్లీ పోతుంది. ఆ ఊరికి పేరు తెచ్చిందే ఆ ఇడ్లీ. పళ్ళెమంత వెడల్పు, మధ్యలో వెన్నముద్ద, పక్కన కొబ్బరి చట్నీ. మేం క్యాబ్‌ని పాత రోడ్డు మీద నడిపించి అక్కడ ఆగాం. అత్తయ్య ఒక్క ఇడ్లీ మొత్తం తినేసి, "మన ఇడ్లీకి గట్టి చట్నీ ఉండాలమ్మా, దీనికి వెన్న చాలు" అంది. లోపలికి బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఇక్కడ కడుపు నింపుకుని వెళ్ళడం అన్నివిధాలా మంచిది. పసిపిల్లలుంటే వాళ్ళ తిండి గురించి గేటు దగ్గర ముందే అడిగేయండి.

టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, సీజన్‌లో అయితే తప్పనిసరిగా. సెలవు రోజుల ధరలు మామూలు రోజుల కంటే ఎక్కువ, ఏ రోజుకి ఎంతో వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. పిల్లలకి టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్ లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, అది దాటితే పెద్దల టికెట్. గేటు పక్కన కొలిచే గీత ఉంది. మావాడు దాని పక్కన నిలబడ్డాడు, చెప్పులు విప్పించి చూశారు, 140 గీత మీద జుట్టు కాదు, తలే తగిలింది. పెద్దల టికెట్ పడింది. డబ్బులు ఎక్కువ కట్టినందుకు వాడంత ఆనందపడిన మనిషిని నేను చూడలేదు. ఎందుకంటే పెద్ద రైడ్లన్నీ ఆ గీత దాటినవాళ్ళకే, ఇన్నాళ్ళూ వాడు ఆ గీత కిందే ఆగిపోయాడు. అరవై దాటినవాళ్ళకి సీనియర్ సిటిజన్ టికెట్ వేరే ఉంది, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఎక్కువ నడవలేనివాళ్ళయితే వీల్‌చైర్ సంగతి కూడా గేటు దగ్గరే అడగండి.

హైదరాబాద్ రావిర్యాల వండర్‌లా చూసినవాళ్ళు మన తెలుగువాళ్ళలో బోలెడంతమంది. అది 2016లో వచ్చింది. ఈ బెంగళూరుది 2005 నాటిది, కొచ్చి పార్కు తర్వాత వాళ్ళు కట్టిన రెండోది. ఆ వయసు తేడా చెట్లలో కనిపిస్తుంది. 82 ఎకరాల్లో ఎటు చూసినా బాగా ఎదిగిన చెట్లే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి రైడ్ల కంటే ఇది ముఖ్యం. అత్తయ్య మోకాళ్ళు అరగంటకొకసారి కూర్చోమంటాయి. నీడ చూసుకుని కూర్చోబెట్టి, మేం ఒక రైడ్ ఎక్కి వచ్చి, ఇంకాస్త ముందుకి నడిపించుకుంటూ రోజంతా అలా గడిపాం. బెంగళూరు డిసెంబర్ ఎండ కూడా మెత్తగానే ఉంటుంది, పట్టపగలు కూడా మామూలుగా 26, 27 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇదే పని ఏప్రిల్‌లో చేయమంటే నేను చేయను.

లోపలికి వెళ్ళగానే పెద్ద క్రిస్మస్ చెట్టు. దాని చుట్టూ ఫొటోలు తీసుకునేవాళ్ళ గుంపు. దారి పొడవునా లైట్ల తోరణాలు, చెట్ల కొమ్మలకి స్టార్లు. పాప పరిగెత్తింది చెట్టు దగ్గరికి. అత్తయ్య మాత్రం కొమ్మకి వేలాడుతున్న ఒక కాగితం స్టార్ కింద ఆగిపోయింది. తల ఎత్తి దాని మొనలు లెక్కపెట్టింది, కింద వేలాడే కుచ్చు చూసింది. "మీ మామయ్య వెదురు బద్దలు చీల్చి కట్టేవాడు. రంగు కాగితం మైదా జిగురుతో అంటించేవాళ్ళం, లోపల బల్బు. ఆ జిగురు ఆరేదాకా పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు" అని పాపకి చెప్పింది. పాప, "మనం కూడా చేద్దామా నానమ్మా?" అనడిగింది. అక్కడే అయిదు నిమిషాలు ఆ స్టార్ లెక్కలు నడిచాయి. ఎన్ని బద్దలు కావాలి, ఎంత పొడుగు, దారం ఎక్కడ ముడేయాలి. మేం ఇంకా ఒక్క రైడ్ కూడా ఎక్కలేదు.

ఇక రైడ్లు. రద్దీ రోజుల్లో ఏ పెద్ద పార్కులోనైనా పేరున్న రైడ్లకి క్యూ పొడుగ్గానే ఉంటుంది, ఇక్కడా అంతే. అది ముందే తెలిసి వెళ్తే బాధ ఉండదు. గేటు తెరిచే వేళకే చేరుకోవాలి, మీకు అన్నిటికంటే కావాల్సిన రైడ్ ఏదో ఇంట్లోనే తేల్చుకోవాలి, నేరుగా దాని దగ్గరికే వెళ్ళాలి. లేదంటే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. డబ్బు ఎక్కువే గానీ క్యూ బాగా తగ్గుతుంది. రైడ్లే ముఖ్యమనుకునే కుర్రకారు సీజన్‌లో వెళ్ళాల్సి వస్తే అది తీసుకోవడమే నయం.

మా వాడు తేల్చుకున్నది రీకాయిల్. బండి మనల్ని ముందు వెనక్కి లాక్కుంటూ నిలువెత్తున పైకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. అక్కడి నుంచి దూకి, తలకిందులుగా మెలికలు తిరిగి, అటువైపు ఎత్తు ఎక్కి ఆగుతుంది. అయిపోయిందనుకునేలోపు వచ్చిన దారినే వెనక్కి మొదలవుతుంది. మావారు మెకానికల్ ఇంజనీరు. క్యూలో నిలబడినంతసేపూ బాబుకి అదే పాఠం. "చూడు, మధ్యలో ఇంజను ఏమీ లేదు. పైనుంచి పడిన ఊపుతోనే మొత్తం తిరుగుతుంది. గాలికీ రాపిడికీ కొంత ఊపు పోతుందిగా, అందుకే అటువైపు చివర మళ్ళీ గొలుసు పట్టుకుని పైకి లాగుతుంది." ఫిజిక్స్ పుస్తకంలో పొటెన్షియల్ ఎనర్జీ, కైనెటిక్ ఎనర్జీ అని బట్టీ పట్టినవాడు ఆ గొలుసు ఎక్కడ పట్టుకుంటుందో కళ్ళు చికిలించి వెతికాడు. దొరికాక, "అదిగో నాన్నా, టక్‌మని శబ్దం!" అన్నాడు. నేనూ ఎక్కాను. ముందుకి వెళ్ళేటప్పుడు అరిచాను, వెనక్కి వచ్చేటప్పుడు గొంతే రాలేదు. దిగగానే వాడు ఇంకోసారి అన్నాడు. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదని అక్కడ బోర్డు ఉంటుంది. దాన్ని చదివి, నిజంగా పాటించండి.

పాపకి చిన్నపిల్లల రైడ్లు చాలా ఉన్నాయి, ఏడెనిమిదేళ్ళ లోపువాళ్ళు అక్కడే ఒక పూట గడిపేస్తారు. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

నీళ్ళ రైడ్ల గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, డిసెంబర్‌లో నీళ్ళా అని. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు దిగితే బాగుంటుంది. నాలుగు దాటాక మాత్రం ఒద్దు, ఒళ్ళు తుడుచుకునేలోపే వణుకు మొదలవుతుంది. రెయిన్ డిస్కోలో పైనుంచి పడే వాన గోరువెచ్చగా ఉంది, అందుకే జనం అక్కడి నుంచి కదలరు. చీకటి గదిలో లైట్లు, పాటలు, పైనుంచి వాన. పిల్లలిద్దరూ మావారితో అందులోనే ఉండిపోయారు. నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలి. నూలు పోగులు ఊడి నీళ్ళ ఫిల్టర్లలో ఇరుక్కుంటాయట. అక్కడ కొనుక్కోవచ్చు గానీ ఇంటి నుంచే తెచ్చుకుంటే ఖర్చు మిగులుతుంది. ఆడవాళ్ళకి లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీ షర్టు సింథటిక్‌వి ఉంటే చాలు, నేను అలాగే వెళ్ళాను, ఇబ్బందేమీ అనిపించలేదు. తల తుడుచుకోవడానికి రెండు తువ్వాళ్ళు ఎక్కువ పెట్టుకోండి. పిల్లలకి ఒక స్వెటర్ కూడా. సాయంత్రం ఆరుకల్లా పొద్దు గుంకుతుంది, బిడది వైపు ఖాళీ నేల కాబట్టి చలి సిటీలో కంటే ముందే దిగుతుంది.

మధ్యాహ్నం భోజనం లోపలే చేశాం. అన్నం, సాంబారు, పెరుగు ఉన్న తాలీ అత్తయ్యకి పడింది. సీజన్ కదా, ప్లమ్ కేక్ కూడా అమ్ముతున్నారు. ముక్క నోట్లో పెట్టుకుని, "లవంగం పడింది, దాల్చిన పడింది, చెర్రీ మాత్రం తక్కువ" అని తీర్పు ఇచ్చి, ఇంకో ముక్క తెప్పించుకుంది. ఏ పార్కులోనైనా తిండి ధర బయటి కంటే ఎక్కువే ఉంటుంది. అయిదుగురికి రెండు పూటలంటే ముందే లెక్క వేసుకుని వెళ్ళడం మంచిది.

నాలుగున్నర తర్వాతే అసలు క్రిస్మస్ మొదలైంది. నేను ఈ రివ్యూ రాస్తున్నది ఆ రెండు మూడు గంటల కోసమే. నీళ్ళ రైడ్ల నుంచి జనమంతా బయటికి వచ్చి దారికి అటూ ఇటూ నిలబడ్డారు. డప్పులు, బ్యాండ్, రంగురంగుల బట్టల్లో డాన్సర్లు, వెనక బండి మీద క్రిస్మస్ తాత. కన్నడం, తమిళం, తెలుగు, మలయాళం, హిందీ, అన్ని భాషల్లోనూ పిల్లలు ఆయన్ని పిలుస్తున్నారు. పక్కన ఎవరో తెలుగు బాబు "క్రిస్మస్ తాతా! ఇటు, ఇటు!" అని గొంతు చించుకుంటే ఆయన నిజంగానే ఇటు తిరిగి రెండు చాక్లెట్లు విసిరాడు. ఒకటి అత్తయ్య ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని విప్పలేదు, ఆ బాబుని పిలిచి ఇచ్చేసింది.

ఊరేగింపు అయ్యాక స్టేజీ దగ్గర పాటలు. మేం ముందు వరసల్లో పక్కగా చోటు చూసుకుని అత్తయ్యని కూర్చోబెట్టాం. మొదట హుషారు పాటలు, పిల్లల గంతులు. తర్వాత ఒక నెమ్మదైన పాత క్యారల్ ఎత్తుకున్నారు, ఇంగ్లీషులో. ఆ రాగం మన తెలుగు గుడుల్లోనూ ప్రతి క్రిస్మస్ రాత్రీ పాడేదే. అత్తయ్య పెదవులు కదలడం చూశాను. మొదటి చరణం లోలోపలే పాడుకుంది. రెండో చరణానికి గొంతు బయటికి వచ్చింది, తెలుగు మాటలతో. పక్క కుర్చీలో తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఇటు తిరిగి చూసి, అదే రాగంలో మలయాళంలో అందుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చరణం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ సాగదీయాలో మాత్రం ఇద్దరికీ ఒకేలా తెలుసు. పాట అయ్యాక ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "కొట్టాయం" అంది తన గుండె మీద చెయ్యి వేసుకుని. "గుంటూరు" అంది మా అత్తయ్య. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్లలో మనవల ఫొటోలు చూపించుకుంటూ కూర్చున్నారు. మేం ఆ ధైర్యంతో పిల్లల్ని తీసుకుని ఇంకో రెండు రైడ్లు ఎక్కి వచ్చాం.

బెంగళూరులో క్రిస్మస్ చూడాలంటే బ్రిగేడ్ రోడ్డు లైట్లు ఉన్నాయి, శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా ఉంది, కేక్ షో ఉంది. అన్నీ బాగుంటాయి. కానీ బ్రిగేడ్ రోడ్డు జనంలో డెబ్భై రెండేళ్ళ మనిషిని ఎక్కడ కూర్చోబెడతాం? ఇక్కడ అదే పండగని కుర్చీలో కూర్చుని చూడొచ్చు, దగ్గర్లో శుభ్రమైన బాత్‌రూం ఉంటుంది, బండ్లు మీదికి రావు. పెద్దవాళ్ళతో బయటికి వెళ్ళేవాళ్ళకి ఈ మూడింటి విలువ తెలుసు.

చీకటి పడ్డాక రెండు చూడండి. ఒకటి మ్యూజికల్ ఫౌంటెన్, లేజర్ షో. లోపల కూర్చుని చూసేది, చలి తెలియదు. రెండోది స్కై వీల్. పెద్ద టవర్ మీద పెట్టిన జెయింట్ వీల్ అది, మెల్లగా తిరుగుతుంది. అత్తయ్య ముందు వద్దంది, బాబు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. పైకి వెళ్ళాక కింద పార్కంతా లైట్లు, అటు మైసూరు రోడ్డు మీద బారులు తీరిన బండ్ల లైట్లు. ఆవిడ ఎక్కిన ఒకే ఒక రైడ్ అది. దిగాక మోకాళ్ళ మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణం ముందే ఏర్పాటు చేసుకోండి. పార్కు మూసే వేళకి అందరూ ఒకేసారి క్యాబ్‌లు బుక్ చేస్తారు. ఒక యాప్‌లో మేం బుక్ చేసినతను ఒప్పుకుని, పావుగంట ఆపి, ఫోన్ చేసి ఎక్కువ డబ్బు అడిగి క్యాన్సిల్ చేశాడు. చలిలో అత్తయ్యతో నిలబడ్డాం, చాలా కోపం వచ్చింది. పొద్దున దింపిన క్యాబతని నంబర్ ఉండబట్టి ఆయన్నే పిలిపించుకుని కెంగేరి మెట్రోకి చేరాం. వచ్చినతనితోనే తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకోవడం అన్నిటికంటే మంచిది. రాత్రి ప్రయాణం వద్దనుకుంటే పక్కనే వాళ్ళ రిసార్ట్ ఉంది, క్రిస్మస్ వారానికి ముందే నిండిపోతుంది కాబట్టి నవంబర్‌లోనే చూసుకోండి.

ఒక్కరోజే వీలయితే ఇరవై అయిదు, ముప్పై ఒకటి, శని ఆదివారాలు వదిలేసి మధ్యలో పని దినం చూసుకోండి. రైడ్లన్నీ ఎక్కడమే మీ లెక్కయితే సంక్రాంతి సెలవులు అయ్యాక, పిల్లల పరీక్షల ముందు, ఒక మంగళవారమో బుధవారమో వెళ్ళండి. మా బాబు అప్పుడే అడుగుతున్నాడు, రీకాయిల్ ఇంకా నాలుగుసార్లు ఎక్కాలట. అత్తయ్య మాత్రం వచ్చే డిసెంబర్‌కే అంది. ఆ కొట్టాయం ఆవిడ నంబర్ తన ఫోన్‌లో మా పాపతో వేయించుకుంది.